మిద్దె మీద వాన లెక్క

నిన్న సాయంత్రం వానకి మా మిద్దె మీద వానమాపకంలో 71 మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 దాటితే భారీ వర్షమే. మే నెలలో తిరుపతికి ఇది మామూలు సంగతి కాదు, మన అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి కదా.

ముందు శేషాచలం మీద నల్లగా కమ్మింది. చినుకు పడకముందే చల్లగాలి, దుమ్ము. కొండల మీద కురిసే వానతో చల్లబడిన గాలి కిందికి దిగి ముందుగా మన మీదికి వస్తుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. ఆ సెకన్ల లెక్క ముప్పైలోపు ఉంటే మిద్దె మీద ఉండకూడదు. నేను దిగేశాను. కరెంటు అంతకుముందే పోయింది, అది మామూలే.

ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. మా వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడింది ఆరున్నర వేల లీటర్ల పైమాటే. అంతా కాలువ పాలు. మళ్లీ వారం తిరక్కుండా ట్యాంకర్‌కి ఫోన్ చేస్తాం.

అసలు వాన ఇంకా ఎక్కువే అయ్యుంటుంది. ఈదురుగాలికి చినుకులు గొట్టంలో పడకుండా పక్కకి కొట్టుకుపోతాయి. పొద్దున ఎనిమిదిన్నరకి రీడింగ్ రాసుకుంటుంటే పక్కింటి పెద్దమ్మ, "ఏం నాయనా, వానని కూడా కొలిచి అమ్ముతావా?" అంది. చిత్తూరు మామ మాత్రం ఫోన్లో వాన సంగతే ఎత్తలేదు. గాలికి తోతాపురి కాయలు ఎన్ని రాలాయో అదే చెప్పాడు.