భుజం మీద సున్నం

శనివారం, నవంబర్.

పొద్దున రైలు దిగగానే పొరపాటు జరిగిందని అర్థమైంది. బోర్డు మీద 'సెతెనీల్' అని పెద్ద అక్షరాలతో ఉంది, ఊరు మాత్రం లేదు. దక్షిణ స్పెయిన్‌లో ఒక చిన్న స్టేషన్, చుట్టూ ఆలివ్ తోటలు, ఒక కుక్క. నాతోపాటు దిగినవాళ్లు ఎవరూ లేరు. ఫోన్‌లో చూస్తే ఊరు ఇంకా చాలా కిలోమీటర్ల దూరం చూపించింది. బొబాదియ్య నుంచి అల్హెసీరాస్ రేవుకు పోయే ఈ లైను 1892లో పూర్తయింది. వేసినవాళ్లు ఇంగ్లిష్ వాళ్లు, వాళ్లకు రేవు ముఖ్యం గానీ దారిలో ఊళ్లు కాదు కదా అనుకున్నాను. ఆ మాటకొస్తే మన రైల్వే వాళ్లే నయం. 'మంత్రాలయం రోడ్' అని చివర్లో ఒక మాట తగిలించి, ఇక్కడ దిగితే ఇంకా ప్రయాణం ఉందమ్మా అని ముందే చెప్పేస్తారు.

అరగంట నడిచాక ఒక తెల్ల వ్యాను ఆగింది. వెనకాల వలలు, పొడుగాటి కర్రలు. ఇప్పుడు ఆలివ్ కోతల కాలం. చెట్టు కింద వల పరిచి, కొమ్మల్ని కర్రలతో కొట్టి కాయలు రాలుస్తారు. మనం చింతకాయలు రాల్చినట్టే. తోలే పెద్దాయన 'ఎక్కమ్మా' అన్నట్టు చెయ్యి ఊపాడు. దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉన్నాడు. మాలగాలో రెండేళ్లు ఉన్నాను కాబట్టి సగం అర్థమైంది. ఇక్కడివాళ్లు మాట చివర 'స్' పలకరు, మింగేస్తారు. మిగతా సగం వాళ్ల కడుపులోనే ఉండిపోతుంది.

ఊరి పేరు పూర్తిగా చెప్పాలంటే సెతెనీల్ దె లాస్ బొదేగాస్. కాదిజ్ జిల్లాకు ఈ చివర, రోందాకు దగ్గర. జనాభా మూడు వేల లోపే. త్రెహో అనే చిన్న ఏరు రాతిని కోసుకుంటూ పోయి గండి చేసింది. మన గండికోట దగ్గర పెన్న చేసిన పనే, కాకపోతే అంత పెద్దది కాదు. అక్కడ కోట పైన ఉంటే, ఇక్కడ పైన కోటా, కింద గండి గోడల్లో ఊరూ.

ఫొటోల్లో చూసి గుహల్లో ఉంటారేమో అనుకున్నాను. కాదు. ఎవరూ గుహ తవ్వలేదు. ఏరు కోసినచోట రాయి గొడుగులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటే, దాని కింద ముందువైపు ఒక గోడ కట్టి, తలుపూ కిటికీ పెట్టేశారు, అంతే. వెనక గోడ రాయి, పైకప్పు రాయి. మాది బేతంచెర్ల. మా అవ్వవాళ్ల ఇల్లు మొత్తం నాపరాయే, నేల బండలూ, మిద్దె మీద పరిచిన బండలూ. గనిలో రాయి కోసి, బండికెత్తి, ఇంటికి తెచ్చి, పైకి ఎక్కించేదాకా ఎంత చాకిరీయో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని. వీళ్లు రాయిని ఇంటికి తేలేదు, ఇంటినే రాయి కిందికి తీసుకెళ్లారు. మా తాత చూసుంటే కుళ్లుకునేవాడు.

రెండు వీధులే అందరూ చూసేది. క్వేవాస్ దెల్ సోల్ అంటే ఎండ గుహలు, క్వేవాస్ దె లా సొంబ్రా అంటే నీడ గుహలు. మొదటిదాంట్లో ఎండ ధారాళంగా పడుతుంది, అన్నీ బార్లూ హోటళ్లూ. రెండోదాంట్లో రాయి వీధి మీదుగా అవతలి ఇళ్ల దాకా వాలి ఉంటుంది. పగలే లైట్లు వేసుకున్నారు. తల పైకెత్తితే కడుపులో ఏదో తిప్పినట్టయింది. అన్ని వందల టన్నుల రాయి, కింద ఒకావిడ నింపాదిగా చీపురుతో వాకిలి ఊడుస్తోంది. టూరిస్టులందరూ పైకి చూస్తూ నడుస్తుంటే ఆవిడ ఒక్కతే కిందికి చూస్తోంది.

నాకు నచ్చింది పైనున్న రాయి కాదు, గోడ రాతిని కలిసే చోటు. ఎన్నేళ్ల నుంచో ఏటేటా సున్నం కొట్టీ కొట్టీ పొరలు మందంగా పేరుకుపోయి, గోడ అంచులన్నీ గుండ్రంగా అయిపోయాయి. ఆ తెలుపు పైకి పోయి పోయి రాయి మొదలయ్యేచోట ఆగిపోతుంది. గీత గీసినట్టు కాదు, వంకరటింకరగా. నిచ్చెన మీద నిలబడి చెయ్యి ఎంతవరకు అందితే అంతవరకు. ఒక ఇంటి దగ్గర జానెడు మేర ఎక్కువ పోయింది. ఆ ఇంట్లో సున్నం కొట్టేవాడు పొడుగైనవాడు అయ్యుండాలి. దగ్గరికి వెళ్లి భుజం ఆనించి చూస్తే కుంచె పోగుల గీతలు కూడా కనిపించాయి. వాసన సంక్రాంతి ముందు మా ఇంటి వాసనే, అందులో నీలిమందు కలిపినా కలపకపోయినా.

పైకి ఎక్కితే కోట బురుజు ఉంది. ఈ ప్రాంతాన్ని ఏలిన ముస్లిం రాజులు, గ్రనడా సుల్తానుల కాలం నాటిది. పక్కనే ఎన్‌కర్నాసియోన్ చర్చి, పాత మసీదు ఉన్నచోట కట్టారంటారు. ఈ ఊరికి ఒక స్థలపురాణం ఉంది. క్రైస్తవ రాజులు ఏడుసార్లు ముట్టడించి ఏడుసార్లూ ఉత్త చేతులతో పోయారట, లాటిన్‌లో 'సెప్తెం నిహిల్', ఏడుసార్లు సున్నా, అదే సెతెనీల్ అయిందట. పేర్లకు ఇలాంటి కథలు అల్లడంలో మనవాళ్లకు ఎవరూ సాటిరారు కాబట్టి నేను నవ్వి ఊరుకున్నాను. కథ సంగతి ఎలా ఉన్నా ఊరు లొంగకపోవడం నిజమే. 1407లో పసి రాజు తరఫున పాలిస్తున్న బాబాయి ఫెర్నాండో సైన్యంతో వచ్చి, ఏమీ చేయలేక వెనక్కి పోయాడు. చివరికి 1484 సెప్టెంబర్ 21న పడింది, అదీ పెద్ద ఫిరంగులు తెచ్చి గోడలు పగలగొడితే. మరుసటి ఏడు రోందా, 1492లో గ్రనడా. కింద సాన్ సెబాస్తియాన్ గుడి గురించి ఇంకో కథ, ముట్టడి శిబిరంలో ఇసబెల్ రాణికి నెలలు నిండకుండా కాన్పయి బిడ్డ దక్కలేదని, ఆ బిడ్డ పేరే గుడికి పెట్టారని. రుజువు లేదు. ఊళ్లో మాత్రం అందరూ నమ్ముతారట.

ఇక 'బొదేగాస్'. అంటే ద్రాక్షసారా నిలవ చేసే కొట్లు. చల్లగా ఉండే ఈ రాతి గదులు ఒకప్పుడు అందుకే పనికొచ్చేవి. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా అనే పురుగు అమెరికా నుంచి వచ్చి యూరప్‌లో ద్రాక్ష తీగల వేళ్లన్నీ తినేసింది, ఇక్కడి తోటలూ పోయాయి. తర్వాత ఆలివ్, బాదం. సారా కొట్లు పోయి నూటయాభై ఏళ్లవుతున్నా పేరు మాత్రం బోర్డు మీద అలాగే ఉంది. వీధుల సంగతీ అంతే. ఎర్రెరియా అంటే కమ్మరి వీధి, హబొనెరియా అంటే సబ్బులవాళ్ల వీధి. ఇప్పుడు కొలిమీ లేదు, సబ్బులూ లేవు, గోడలకు పూలకుండీలున్నాయి.

రెండింటికి ఆకలేసి ఒక బారులో దూరాను. వెనక గోడ రాయే, సున్నం కొట్టిన రాయి. ఒక మూల చుక్క చుక్కగా నీళ్లు కారుతుంటే కింద సత్తు గిన్నె పెట్టారు. మొన్న వాన పడింది కదా, రాతిలోంచి దిగడానికి రోజులు పడుతుందని చెప్పారు. నేను మీగాస్ తీసుకున్నాను. నిలవ రొట్టెను పొడి చేసి, వెల్లుల్లి వేసి, ఆలివ్ నూనెలో వేయించింది. ఉప్మాకు దూరపు చుట్టం అనొచ్చు. పచ్చిమిరపకాయ పడి ఉంటే దగ్గరి చుట్టమే అయ్యేది.

పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దామె ఎక్కడి నుంచి అని అడిగింది. ఇండియా అన్నాను. 'అనంతపూ?' అంది.

ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఇన్నేళ్లలో ఎవరూ ఢిల్లీ, ముంబై దాటి అడగలేదు. మా పక్క జిల్లా పేరు ఈ రాతి కింద వినడమేంటి! స్పెయిన్‌లో చాలామంది లాగే ఆమె కూడా ఫాదర్ ఫెర్రర్ సంస్థ ద్వారా ఒక పిల్లను చదివిస్తోందట. బార్సెలోనాలో 1920లో పుట్టి, 1952లో ముంబై వచ్చి, 1969 నుంచి అనంతపురంలోనే ఉండిపోయి, 2009లో అక్కడే కన్నుమూసిన విసెంతె ఫెర్రర్. మా పెద్దమ్మకు బత్తలపల్లి ఆసుపత్రిలోనే ఆపరేషన్ జరిగిందని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ పిల్ల ఉత్తరాల్లో ఎప్పుడూ వాన గురించే రాస్తుందట, పడిందనో పడలేదనో. అది మామూలేనా అని అడిగింది. మామూలేనండీ, మా వైపు అందరం అదే రాస్తాం అన్నాను.

ఆమే చెప్పింది, ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారంలో రమ్మని. ఊరు రెండుగా చీలిపోతుందట. తెల్లవాళ్లు, నల్లవాళ్లు అని రెండు సంఘాలు, ఎవరి ఊరేగింపు వాళ్లది, ఒకరిని మించి ఒకరు. మీది ఏ పక్షం అని అడిగితే, అది కూడా అడగాలా అన్నట్టు చూసింది. సీమలో పుట్టినదాన్ని, నాకు పక్షాల గురించి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఏ పక్షమో మాత్రం చివరిదాకా చెప్పలేదు.

తిరిగి ఆ స్టేషన్‌కు పోయే ధైర్యం లేక రోందా దాకా టాక్సీ. ఎంతయిందో ఇక్కడ రాయను, తర్వాత చదువుకుంటే మళ్లీ బాధ. బస్టాండులో కూర్చున్నాక అమ్మ వీడియో కాల్ చేసింది. ఊరి ఫొటోలు పంపి, రాయి కింద ఇళ్లు చూశావా అంటే, "యాగంటిలో చూళ్లేదా" అని తీసిపారేసింది. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని ఫోన్ దగ్గరికి జరిగింది.

"ఆ నల్ల కోటు భుజం మీద సున్నం ఏందే?"

గోడకు ఆనుకున్నాను అని చెప్పాను.

"తడిగుడ్డతో తుడవద్దు. పూసుకుపోతాది. ఆరినాక దులుపు."

అప్పటికే తడిగుడ్డతో తుడిచేసి ఉన్నాను.