పదికి ఎంత, బాబాయ్?

"ఏటి బాబూ, వచ్చినప్పుడల్లా పదికి ఎంత, పదికి ఎంత అంటావు. నేనేమైనా పరీక్ష రాస్తున్నానా? మగ్గం గుంటలో కాళ్ళు పెట్టావా లేదా అని ఒక్కనాడైనా అడిగావా?"

ఒడిశా బరంపురంలో నేను ఫిజియోథెరపీ చేసే క్లినిక్‌లో, నడుంనొప్పి పదికి ఎంతుందని అడిగినందుకు, పట్టుచీరలు నేసే ఒక పెద్దాయన అందరి ముందూ నన్ను ఇలా కడిగేశాడు. ఆయన తాతముత్తాతలు ఎప్పుడో తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. అలా పిలిచే చనువుంది కాబట్టే ఆ చివాటు కూడా తెలుగులో పడింది. ఒడియా పేషెంట్లయితే "అంటా బింధుచి సార్" అని నడుం చూపించి, చెప్పింది విని, నచ్చకపోతే మర్యాదగా రావడం మానేస్తారు.

ప్రవాసం అంటే మావాళ్ళకి డల్లాసో దుబాయో. పలాసలో రైలెక్కి ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఊరు, ఇదీ ఒక ప్రవాసమేనా అని నవ్వుతారు. సంక్రాంతికి మూడు రోజులు సెలవడిగితే ఎందుకన్నట్టు చూస్తారు ఇక్కడ. ఒడియావాళ్ళ రజ పండక్కి అడక్కుండానే క్లినిక్ మూసేస్తారు. నాకు అర్థమైన ప్రవాసం అదే.

బాబాయ్ మాట సంగతికొస్తాను. నాకు కోపమే వచ్చింది. నొప్పిని సున్నా నుంచి పది దాకా అడగడం నేను కనిపెట్టింది కాదు. ఎక్కడైనా ఫిజియోథెరపీలో అడుగుతారు. నంబరు లేకపోతే తగ్గిందో లేదో రేపు ఎలా చెప్పాలి? నడుంనొప్పి ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే ఆస్వెస్ట్రీ అని ఇంకో ప్రశ్నావళి ఉంది, 1980లో ఇంగ్లండులో అచ్చయింది. పది అంశాలు, ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు మార్కులు. బరువులెత్తడం, నడక, నిద్ర, ప్రయాణం అన్నీ ఉంటాయి. కూర్చోవడం దగ్గరికొచ్చేసరికి మొదటి జవాబు ఇది: ఏ కుర్చీలోనైనా నాకిష్టమైనంత సేపు కూర్చోగలను. బాబాయ్ ఇంట్లోనూ కుర్చీ ఉంది, దాని మీద ఉతికిన బట్టలుంటాయి. ఆయన కూర్చునేది గుంట అంచున. కాళ్ళు లోపలికి దించి చెక్కలు తొక్కుతూ, ముందుకి వంగి, ఒక చెయ్యి పోగు నడిపే నాడె మీద, ఇంకో చెయ్యి నేత బిగించడం మీద. బరంపురం చీరకి పేరు తెచ్చిన ఆ కుంభం అంచు తేలాలంటే గంటల తరబడి అలాగే. దీనికి నా కాగితంలో గడి లేదు. నిజమే. అందుకు నన్నంటే ఎలా?

ఆయనకి కూలి చీరకింత అని. నడుం పట్టేసిన మొదట్లో ఎవరో డాక్టరు కదలకుండా పడుకోమన్నాడట, పడుకున్నాడు, ఇల్లు కదిలింది. పడక మంచిది కాదని, ఓర్చుకోగలిగినంతలో తిరుగుతూ ఉండాలని ఇప్పుడు అందరూ ఒప్పుకునే మాట. నడుంనొప్పుల్లో నూటికి తొంభై దాకా ఫలానా ఎముక, ఫలానా డిస్క్ అని వేలెత్తి చూపించలేనివే, కొత్తగా వచ్చినవి చాలావరకు ఆరు వారాల్లో సర్దుకుంటాయి. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా, జ్వరమూ బరువు తగ్గడమూ తోడైనా అది వేరే సంగతి. అలాంటివాళ్ళని నేను ముట్టుకోకుండానే పెద్దాసుపత్రికి పంపేస్తాను.

ఇదంతా చెప్తే బాబాయ్ శ్రద్ధగా విని, "సరే, మరి కరెంటు పెట్టవా?" అన్నాడు.

ఈ ఊళ్ళో నన్ను తినేస్తున్నది ఈ కరెంటే. నడుం మీద ప్యాడ్లు అతికించి జిల్లుమనిపిస్తేనే వైద్యం. వంగడం, లేవడం నేర్పిస్తే "ఎక్సర్‌సైజు ఇంట్లో చేసుకుంటాంలే, దానికి డబ్బులెందుకు" అంటారు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుంనొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, అవగాహన కల్పించడం మంచివంది. టెన్స్ అనే ఈ ప్యాడ్ల కరెంటు, అల్ట్రాసౌండ్ వైద్యం, నడుం లాగే ట్రాక్షన్, నడుం బెల్టు మామూలుగా వాడొద్దంది. ఆ నాలుగూ మా క్లినిక్ రేట్ల బోర్డు మీద వరసగా ఉన్నాయి. యజమాని చెడ్డవాడు కాదు, మెషీన్ల మీద అప్పుంది. అప్పు తీరేదాకా ప్యాడ్లు అతికిస్తూనే వ్యాయామం నేర్పించాలి నేను.

మా పలాసలో ఈ గోల ఉండదు అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు పొద్దస్తమానం కింద కూర్చునే పని చేస్తారు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత తన్నించుకుని, మర్నాడు మళ్ళీ పనిలోకి. శాస్త్రం ఒప్పుకోదు, కానీ వాడు స్కాన్ రాయడు, బిల్లు వెయ్యడు, పడుకోమనడు. (ఇక్కడి తెలుగువాళ్ళు కూడా "నువ్వు ఎదురుకాళ్ళా బాబూ?" అని అడిగారు నన్ను. అవునని ఉంటే ప్రాక్టీసు బాగుండేదేమో.) బస్టాండు దగ్గర ఫిజియోథెరపీ బోర్డులు పలాసలోనూ వెలిశాయని, అక్కడా కరెంటే అని తెలుసు. అయినా దూరంగా ఉంటే సొంతూరు మీద కోపం రాదు.

బాబాయ్‌కి పూర్తిగా ఎదురు ఒకాయన ఉన్నాడు, ఒడియా మాస్టారు. ఆయన నంబరు ఎప్పుడూ ఒకటి, మహా అయితే రెండు. నా కాగితం ప్రకారం కోలుకున్నట్టే. కానీ వంగడు, మనవణ్ణి ఎత్తుకోడు, చెప్పులు కోడలు అందించాలి. ఎమ్మారై కవరు చంకలో పెట్టుకునే వస్తాడు. ఎల్4-ఎల్5 అనే నడుం ఎముకల మధ్య డిస్క్ ఉబ్బిందని అందులో ఉంది. ఏ నొప్పీ లేని మనుషుల స్కాన్లు పోగుచేసి 2015లో ఒక సమీక్ష వచ్చింది. యాభై ఏళ్ళవాళ్ళలో 80 శాతం మందికి డిస్క్ అరుగుదల, 60 శాతం మందికి ఉబ్బు కనిపించాయి. ఈ లెక్క మాస్టారికి వచ్చిన ఒడియాలో, రాని ఒడియాలో కూడా చెప్పాను. "అయితే అందరికీ ప్రమాదమేనన్నమాట" అన్నాడు.

బాబాయ్ నంబరు నాలుగు దగ్గర ఆగిపోయింది. ఆ నాలుగుతోనే గుంటలో దిగాడు. నేను వాళ్ళింటికి వెళ్ళి చూశాను, కూర్చునే చోట మడత దుప్పటి వేయించి ఎత్తు పెంచాను, మధ్యమధ్య లేచి వీధి చివరిదాకా నడవమన్నాను. లేస్తున్నాడట, ఎక్కువగా టీ కోసం. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో అమ్మవారి ఘటం వెంట ఊరంతా తిరగ్గలిగితే అప్పుడు తగ్గిందంటానన్నాడు. కేస్ షీటులో నంబరు పక్కన "మగ్గం, యాత్ర" అని రాసుకున్నాను. నంబరు అడగడం మానలేదు, మానను కూడా. ఆ "మగ్గం, యాత్ర" ఏ బిల్లు కిందకి వస్తుందని యజమాని అడిగాడు.

మొన్న అమ్మ ఫోన్లో తనకీ నడుం పట్టేసిందని చెప్పింది. పదికి ఎంతమ్మా అన్నాను అలవాటు కొద్దీ. "ఎంతేటిరా, పిండి రుబ్బలేకపోతన్నాను" అంది. వీడియో కాల్లో రెండు వ్యాయామాలు చూపిస్తే ఊ కొట్టింది, చెయ్యదు. ఈ ఆదివారం మధ్యాహ్నం దాకా క్లినిక్ ఉంది. సాయంత్రం పలాస బండి అందితే వెళ్ళి దగ్గరుండి చేయించాలి.