మంగళగిరి పానకం, మా అమ్మ మోకాళ్ళు

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు మొదలై మూడేళ్ళు. డాక్టరుగారు మెట్లు ఎక్కొద్దన్నారు, ఈవిడేమో నొప్పి తగ్గితే మంగళగిరి మెట్లెక్కి స్వామికి పానకం పోయిస్తానని మొక్కుకుంది. తగ్గిందా అంటే లేదు. "కాస్త నయమే లేరా" అని తనకి తనే సర్టిఫికెట్ ఇచ్చుకుని, ఇంక మొక్కు తీర్చుకోకపోతే బాగోదని రెండు నెలలు నా ప్రాణం తీసింది.

సరే అని ఒక శనివారం అమ్మని, మా వాడిని కార్లో ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి బయల్దేరా. దారిలో టిఫిన్లు, బెజవాడలో భోజనం, అన్నీ తీరిగ్గా కానిచ్చి సాయంత్రం నాలుగున్నరకి కొండ కింద దిగాం. అక్కడ కొబ్బరికాయలమ్మే ఆవిడ మమ్మల్ని చూసి నవ్వింది. "పైన గుడి ఎప్పుడో మూసేశారు బాబూ, పొద్దున్నే రండి". సాయంత్రమైతే పైన స్వామికి దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని, అందుకే మనుషుల పూజలు మధ్యాహ్నంతోనే ఆపేస్తారని చెప్తారు. ఇది చిన్నప్పట్నుంచి విన్నదే, అయినా మర్చిపోయా. అమ్మ ఏమీ అనలేదు, ఆ చూపు చాలు.

ఎలాగూ వచ్చాం కదా అని కింద లక్ష్మీనరసింహస్వామి గుళ్ళో దర్శనం చేసుకున్నాం. ఆ గాలిగోపురం కింద నిలబడి తల పైకెత్తితే మెడ పట్టేస్తుంది, 11 అంతస్తులు, 153 అడుగులు, అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807లో మొదలెట్టి 1809కల్లా లేపేశాడు. కట్టాక గోపురం ఒక పక్కకి ఒరిగిందని, ఎదురు వైపు కోనేరు తవ్విస్తే మళ్ళీ నిటారుగా అయిందని మా అమ్మమ్మ చెప్పేది. అదే కథ అమ్మ ఇప్పుడు మా వాడికి చెప్పింది. వాడు "ఎట్లా?" అన్నాడు. "ఎట్లాగో అట్లా" అంది. ఆ రాత్రి గుంటూరులో పిన్నివాళ్ళింట్లో పడుకుని పొద్దున ఏడింటికల్లా మళ్ళీ కొండ దగ్గరున్నాం.

ఘాట్ రోడ్డు ఉందమ్మా, కారు పైదాకా పోతుంది అని మూడుసార్లు చెప్పా. వినదు. ఇరవై మెట్లు ఎక్కడం, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చోడం, కిందకి చూసి ఊళ్ళో ఏది ఎక్కడుందో చెప్పడం, మళ్ళీ ఇరవై మెట్లు. అటు ఎయిమ్స్ బిల్డింగులు, ఇటు హైవే, మధ్యలో తెల్లగా గోపురం. మెట్లు లెక్కపెడతానన్న మా వాడు వందలోపే లెక్క తప్పి వదిలేశాడు. నిజం చెప్పాలంటే పైకెళ్ళేసరికి ఎక్కువ ఆయాసపడింది నేనే, కంప్యూటర్ ముందు కూర్చునే ఒళ్ళు కదా.

పైన గర్భగుడిలో విగ్రహం ఉండదు, కొండరాయిలోనే తెరిచిన నోరు, దానికి లోహపు ముఖం తొడుగు. పూజారి శంఖంతో పానకం తీసుకుని ఆ నోట్లో పోస్తుంటే లోపల్నుంచి గుటగుటమని శబ్దం. చిన్నప్పుడు ఈ శబ్దానికే భయపడి అమ్మ కొంగులో దూరా. పోస్తూ పోస్తూ ఉంటే ఒకచోట శబ్దం ఆగిపోతుంది, అంతే, స్వామికి చాలు, మిగతా సగం మనకి. చిన్న చెంబు తెచ్చినా పెద్ద బిందె తెచ్చినా సగమే తాగుతాడంటారు. మా వాడు నా చెవిలో "నాన్నా లోపల పైపుందా?" అన్నాడు, వాడికి గుసగుసలాడ్డం రాదు, లైన్లో అందరూ విన్నారు. ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతం అని, లోపల గంధకం ఉందని, బెల్లం నీళ్ళు పోస్తే చల్లబడుతుందని స్కూల్లో మా సైన్సు మాస్టారు చెప్పేవారు. వాడికి అదే చెప్పా. అమ్మకి అది నచ్చలా.

ఇంకోటి, ఇంత బెల్లం పానకం ఒలుకుతున్నా అక్కడ చీమలు రావని అందరూ అంటారు కదా, ఈసారి పనిగట్టుకుని వెతికా. నేల జిగటగా కాళ్ళకి అంటుకుంటోంది, బెల్లం, మిరియాలు, యాలకుల వాసన, చీమ మాత్రం ఒక్కటి కూడా కనపళ్ళేదు నాకు. ఉన్న కాసేపట్లో కనపళ్ళేదు అంటున్నా, అంతవరకే.

దిగేటప్పుడు మాత్రం అమ్మ ఏమనకుండా ఆటో ఎక్కింది. మొక్కు ఎక్కడానికే గానీ దిగడానికి కాదట. కింద నిజాం బోర్డర్ చీర ఒకటి కొనేదాకా మోకాలి నొప్పి ఊసే లేదు.

ప్రసాదం పానకం వాటర్ బాటిల్లో పోయించుకొచ్చాం. రాత్రి ఇంటికొచ్చాక కిచెన్ గట్టుమీద పెట్టి పడుకున్నాం, మూత సరిగ్గా పెట్టలేదు నేను. పొద్దున చూస్తే కిటికీ నుంచి బాటిల్ దాకా నల్లగా చీమల బారు. "ఏంటమ్మా ఇది, చీమలు రావన్నావుగా" అన్నా.

"అక్కడ స్వామి ఉన్నాడు, ఇక్కడ నువ్వున్నావు" అని చీమలు పట్టని అడుగు పానకం గ్లాసులోకి వడకట్టి మా వాడికిచ్చింది.