అమ్మ చదివిన పోలీసు డైలాగులు

నేను మొదటిసారి నటించింది స్టేజి మీద కాదు, ఫోన్లో. పదకొండేళ్ల వయసులో కరెంటు బిల్లు గొడవ వస్తే ఆఫీసుకు ఫోన్ చేసి, గొంతు బరువు చేసి, నాన్న పేరు చెప్పి మాట్లాడేవాణ్ణి. నాన్నకు ఇంగ్లీషు రాక కాదు. ఆయన మాట్లాడితే అవతలివాళ్లు "మళ్లీ చెప్పండి" అనేవారు. అది మూడోసారి వినబడేసరికి ఆయన గొంతు సన్నబడిపోయేది. బడిలో ఒక యాస, ఇంట్లో తెలుగు, ఫోన్లో ఇంకో మనిషి. అదంతా నటనేనని అప్పట్లో తెలీదు.

ఇప్పుడు అదే నా వృత్తి. వేషం లేని రోజుల్లో, అంటే చాలా రోజులు, గోడౌన్‌లో నైట్ షిఫ్టు.

పేరు మార్చుకోమని సలహాలిచ్చినవాళ్లున్నారు. బ్రిటిష్ నటుడు బెన్ కింగ్స్‌లీ పుట్టినప్పటి పేరు కృష్ణ భాంజీ. ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాయనకి ఆస్కార్ వచ్చింది 1982 నాటి 'గాంధీ' సినిమాతో! నేను మాత్రం మార్చుకోలేదు. ధైర్యం ఏమీ కాదు, కాగితాల పని అంటే బద్ధకం.

ఆడిషన్లు ఇప్పుడు చాలావరకు సెల్ఫ్ టేపులే, అంటే ఇంట్లో మనమే వీడియో తీసి పంపేవి. వెనక సాదా గోడ, ముఖం మీద కిటికీ వెలుగు, కంటి ఎత్తులో ఫోను. చూపు లెన్స్‌లోకి పోకూడదు. దాని పక్కనే నిలబడి ఎదుటి పాత్ర మాటలు అందించే రీడర్ మీద ఉండాలి. మా ఇంట్లో రీడర్ అమ్మ. మొన్న నాది పోలీసులు అనుమానించే కొట్టు యజమాని వేషం, ఆవిడ పోలీసు. "చేతులు పైకెత్తు" అన్న డైలాగుని "చేతులు కడుక్కో" అన్నట్టు చదివింది.

"కసరమ్మా, గట్టిగా."

"నువ్వేం చేశావని కసరనురా?"

అలాగే పంపేశాను. రెండో రోజు మెయిల్ వచ్చింది. బాగుందట, కానీ యాస ఇంకాస్త పెంచి, మీ వాళ్లు మాట్లాడినట్టు చేసి పంపమన్నారు.

దానికి కోచింగ్ అక్కర్లేదు. మూడోసారి "మళ్లీ చెప్పండి" అనిపించుకున్న నాన్న గొంతు నాకు కొట్టినపిండి. మళ్లీ రికార్డు నొక్కి, రెండు లైన్లు ఆ గొంతుతో చెప్పాను. అమ్మ తన డైలాగు అందుకోలేదు. కాగితం దించి నా వంక చూసింది.

"మెల్లగా రా. పక్కగదిలో మీ నాన్నున్నారు."

లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాను.