పికప్ హెడ్‌లైట్లు: బల్బు మార్చి ఊరుకుంటే సరిపోలేదు

పోయిన సంక్రాంతికి ముందు, చెరుకు నరికే రోజులవి, పాడేరు నుంచి క్యాబేజీ లోడుతో దిగుతున్నా. ఘాట్ అయిపోయింది, వడ్డాది దాటేసి చోడవరం రోడ్డు మీద ఉన్నా, రాత్రి ఒంటిగంటన్నర అయుంటుంది, పల్చగా మంచు. ఎదురుగా లారీ వస్తుంటే డిమ్ చేశా, లారీ పోయింది, కళ్లు ఇంకా సర్దుకోలేదు, ముందు నల్లగా గోడలాంటిది ఏదో. చెరుకు ఎడ్లబండి. వెనక లైటు లేదు, రేడియం ముక్క కూడా లేదు, చెరుకు ఆకులు రోడ్డుకి రాసుకుంటున్నాయి. బ్రేకు మీద నిలబడిపోయా. బండి ఆగాక దిగి చూస్తే బంపర్‌కీ ఆ చెరుకుకీ మధ్య రెండు మూరలు కూడా లేదు. బండి మీద పెద్దాయన నిద్రపోతున్నాడు, లేవనుకూడా లేవలేదు. పక్కనున్న మా క్లీనర్ కుర్రాడు మోదకొండమ్మ తల్లీ మోదకొండమ్మ తల్లీ అనుకుంటూనే ఉన్నాడు సబ్బవరం వచ్చేదాకా.

ఆ రోజు స్పీడు 50 లోపే. అరవైలో వస్తే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, చూసి కాలు బ్రేకు మీదకి వచ్చేసరికే 25 మీటర్లు అయిపోతాయి, ఆపైన లోడు బండి ఆగడానికి ఇంకో పాతిక ముప్ఫై. అంటే కనీసం 50 మీటర్లు ముందే కనపడాలి. నా డిమ్ లైటు ఎంతవరకు పడుతోందో తర్వాత ఖాళీ రోడ్డు మీద కొలుచుకున్నా, ముప్ఫై దాటితే ఏమీ లేదు. ఇన్నాళ్లూ నేను రోడ్డు అలవాటు మీద నడుపుతున్నా అంతే, చూసి నడపట్లేదు.

అందరూ చేసేదే నేనూ ముందు చేశా, ఆన్‌లైన్‌లో 2,400 పెట్టి ఎల్ఈడీ బల్బులు తెప్పించి పాత హోల్డర్‌లోనే పెట్టేశా. ఇంటి ముందు గోడ మీద చూస్తే పట్టపగల్లా ఉంది, మా ఆవిడ కూడా బయటికొచ్చి చూసి బావుందంది. రోడ్డెక్కాక తెలిసింది. ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొట్టడమే, నేను డిమ్‌లోనే ఉన్నా సరే. మినుములూరు దగ్గర మంచులోకి వచ్చేసరికి ముందు తెల్ల బరకం కట్టినట్టు అయిపోయింది, రోడ్డు అంచు కూడా తెలియలేదు, కిటికీలోంచి తల బయటపెట్టి దిగా. వారం తిరక్కుండా తీసేశా.

ఎందుకలా అయ్యిందో పాత హాలోజన్ బల్బు చేతిలో పట్టుకుని చూస్తే అర్థమైంది. మా బండికి హెచ్4 బల్బు, హైకి 60 వాట్లు, డిమ్‌కి 55. గాజు లోపల రెండు తీగలుంటాయి, ముందున్న డిమ్ తీగ కింద గోరంత రేకు దోనె ఒకటి ఉంటుంది. ఆ దోనె కింది సగం వెలుతురుని ఆపేస్తుంది కాబట్టే డిమ్‌లో వెలుతురు పైకి పోకుండా గీత గీసినట్టు రోడ్డు మీదే పడుతుంది. హెడ్‌లైట్ డూమ్ లోపల వెలుతురుని ముందుకి తిప్పే అద్దం ఆ తీగ ఉన్న చోటుని బట్టి, మిల్లీమీటర్ల లెక్కలో తయారుచేసిందే. ఎల్ఈడీలో చిప్పులు ఆ చోట్లో, ఆ సైజులో లేకపోతే వెలుతురు చెదిరిపోయి ఎదుటివాడి కళ్లల్లోకి, మంచులోకి పోతుంది. మనకి మాత్రం బానెట్ ముందు పది మీటర్లు తెల్లగా వెలిగిపోతుంటే బోల్డు కనపడుతున్నట్టు ఉంటుంది, దూరం మాత్రం చీకటే. దగ్గర్లో వెలుతురు ఎక్కువైతే కన్ను దానికి అలవాటు పడిపోయి దూరంలో ఉన్నది ఇంకా కనపడదు. ఎల్ఈడీ కోసమే చేసిన డూమ్‌తో కంపెనీ నుంచి వచ్చిన బండ్లు వేరే సంగతి, వాటి గురించి నేను అనట్లేదు.

తర్వాత 100/90 బల్బులు, అంటే హైకి 100 వాట్లు డిమ్‌కి 90, వేద్దామని గాజువాక ఆటోనగర్ వెళ్లా. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, ఎలక్ట్రీషియన్, అందరం మావయ్యా అనే పిలుస్తాం. బల్బులడిగితే ఇవ్వలేదు. "ముందు నీ బల్బుకి కరెంటు ఎంత అందతందో చూడాల బాబూ, ఆ బల్బులేస్తే హోల్డర్ కరిగిపోద్ది, తర్వాత బండి కాలిపోద్ది" అన్నాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, లైట్లేసి, మల్టీమీటర్ బ్యాటరీ మీద పెడితే 13.9 వోల్టులు. అవే ముల్లులు తీసుకెళ్లి వెలుగుతున్న బల్బు వెనక పిన్నుల మీద పెడితే 11.4. రెండున్నర వోల్టులు దారిలోనే పోతున్నాయి.

రెండున్నరే కదా అనుకున్నా నేను కూడా. కానీ హాలోజన్‌కి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు ముప్ఫై శాతం పోతుంది. నా బండిలో తగ్గింది 18 శాతం, అంటే రావాల్సిన వెలుతురులో సగమే వస్తోంది. ఇన్నేళ్లూ సగం లైటుతో పాడేరు ఘాట్ దిగానన్నమాట, అది తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆ వోల్టులు ఎక్కడ పోతున్నాయంటే, బ్యాటరీ నుంచి కరెంటు తాళం దగ్గరికి, అక్కడి నుంచి స్టీరింగ్ పక్క స్విచ్‌కి, డిప్పర్ స్విచ్‌కి, మళ్లీ సన్న వైర్లో ముందుకి, ఇంత తిరిగి బల్బుకి చేరుతుంది. రెండు బల్బులూ కలిపి 9, 10 ఆంపులు ఆ సన్న వైర్లోనే పోవాలి. పైగా మనది వైజాగ్, సముద్రపు గాలి. బల్బు నుంచి కరెంటు తిరిగెళ్లే ఎర్త్ బోల్టు విప్పి నా చేతిలో పెట్టాడు మావయ్య, వాషర్ కింద ఆకుపచ్చగా ఉప్పు పేరుకుని పొడిపొడిగా రాలుతోంది. ఇంట్లో తాళాలే తుప్పు పట్టే ఊర్లో బండి ఎర్త్ ఎందుకు బాగుంటుంది, నేనెప్పుడూ చూసుకోలేదు.

చేసిన పని చిన్నదే. రెండు రిలేలు, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు, డిమ్‌కి ఒకటి హైకి ఒకటి. పాత వైరు ఇప్పుడు రిలేని ఆన్ చేయడానికి మాత్రమే, దాన్లో పావు ఆంపు కూడా పోదు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా 2.5 స్క్వేర్ ఎంఎం వైర్లో రిలే మీదుగా బల్బుకి వెళ్తుంది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాలి, ఇది మాత్రం ఎవరు చేసినా దగ్గరుండి చూసుకోండి, ఎందుకంటే ఫ్యూజు దూరంగా పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్టయితే ఆపేది ఏమీ ఉండదు. ప్లగ్గులున్న కిట్టు తీసుకుంటే కంపెనీ వైరు ఎక్కడా కొయ్యక్కర్లేదు. సెరామిక్ హోల్డర్లు, కొత్త ఎర్త్ వైర్లు, మంచి కంపెనీ 60/55 బల్బులు, కూలీతో కలిపి 2,300 అయ్యింది, అంటే ఆ ఎల్ఈడీ కన్నా వంద తక్కువే. మళ్లీ మీటర్ పెడితే పిన్నుల దగ్గర 13.5.

డూమ్ పైన పసుప్పచ్చగా మసకబారి ఉంది, దాన్ని నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దాం, ముందు 800 నంబరు, తర్వాత 1500, తర్వాత 2000, చివర పాలిష్. టూత్‌పేస్ట్ రుద్దితే కొన్నాళ్లకే మళ్లీ పచ్చబడుతుంది. డ్రైవర్ ముందుండే పెద్ద అద్దం లోపలి వైపు కూడా తుడవండి, అక్కడ పొగలాంటి పొర ఉంటుంది, ఎదురు లైటు పడ్డప్పుడు అదే మెరుస్తుంది.

ఇంక పికప్ వాళ్లకి నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది లైటు ఎత్తు. కార్లకి ఈ బాధ ఇంతుండదు, మనకి లోడు పడితే కమాన్ కట్టలు, అంటే వెనక స్ప్రింగు పట్టీలు, కుంగుతాయి, ముక్కు లేస్తుంది. వెనక 6 సెంటీమీటర్లు దిగిందనుకోండి, చక్రాల మధ్య దూరం సుమారు 3 మీటర్లు కాబట్టి వెలుతురు వంద మీటర్లకి రెండు మీటర్ల లెక్కన పైకి లేస్తుంది. 50 మీటర్ల దూరంలో మీటరు ఎత్తు పెరిగినట్టు, సరిగ్గా బైకు మీద వచ్చేవాడి కళ్లు ఉండే చోటు. చట్టం ప్రకారం 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కళ్లకి కొట్టకూడదు. ఖాళీ బండితో సెట్ చేయించుకుంటే లోడుతో అది తప్పుతుంది. అందుకే నేను జ్ఞానాపురం మార్కెట్లో తెల్లవారుజామున, క్యాబేజీ దించకముందే, గోదాం గోడకి 10 మీటర్ల దూరంలో బండి పెట్టి, నేల నుంచి బల్బు ఎత్తు టేపుతో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో సుద్దతో గీత గీసి, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీశా. డిమ్ వేస్తే వెలుతురు అంచు పై గీతకి కూడా జానెడు పైనే ఉంది. డూమ్ వెనక స్క్రూలు తిప్పుకుంటూ కింది గీతకి తెచ్చా. హమాలీలు బస్తాలు ఆపి మరీ చూశారు, ఒకతను "ఏటన్నా గోడకి కొలతలు తీస్తన్నావ్" అని అడిగి విషయం తెలిశాక టేపు చివర తనే పట్టుకున్నాడు. ఖాళీగా వెళ్లేటప్పుడు వెలుతురు కాస్త దగ్గర్లో పడుతుంది, దానికి తగ్గట్టు స్పీడు తగ్గించుకుంటున్నా. డ్యాష్‌బోర్డ్ మీద లైటు దించే నాబ్ ఉన్న బండి అయితే ఖాళీకి సున్నాలో సెట్ చేసుకుని లోడుకి రెండో మూడో పెట్టుకోండి, ఆ నాబ్ దానికే ఉంది.

ఇప్పుడు డిమ్‌లో కుదుపు రాకముందే గొయ్యి కనపడుతోంది. కానీ చెరుకు బండి మాత్రం ఇప్పటికీ కష్టమే, నల్లటి ఆకు మీద ఎంత లైటు పడినా తిరిగి రాదు. అందుకని ఎర్ర రేడియం టేపు చుట్ట ఒకటి డ్యాష్‌బోర్డ్‌లో పెట్టుకున్నా. వడ్డాది దాటాక టీ కొట్టు దగ్గర బళ్లు ఆగి ఉంటే అడిగి వెనక కర్రకి అటూ ఇటూ జానెడు ముక్కలు చుట్టేస్తున్నా, ఎవరూ వద్దనలేదు. ఇప్పటికి పదకొండు బళ్లకి చుట్టా. ఆ రోజు నిద్రపోయిన పెద్దాయన మాత్రం ఇంకా కనపడలేదు, ఆయన కోసం చూస్తున్నా.