హైడ్రోస్ వేయకుండా బెల్లం వండించిన నా అనుభవం

అనకాపల్లికి దగ్గరలోని మా ఊళ్లో రెండెకరాల చెరకు భూమి మా నాన్నగారి తరువాత నాకు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు బడిలో పాఠాలు చెప్పుకుంటూ గడిపినవాణ్ణి కాబట్టి, ఆ భూమిని కౌలుకిచ్చి, సంక్రాంతికి ఇంటికి వచ్చే రెండు దిమ్మల బెల్లంతో తృప్తి పడేవాణ్ణి. ఉద్యోగ విరమణ చేశాక, 2023 ఫిబ్రవరిలో, సొంతంగా తోట వేసినప్పుడు నాకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే. ఈ చెరకును నేనే దగ్గరుండి గానుగాడించి, హైడ్రోస్ పొడి చిటికెడైనా పడకుండా బెల్లం వండించాలి. బెల్లం మీద అభిప్రాయాలు చెప్పడం ఎంత సులువో, దిమ్మ గట్టిపడేలా చేయడం ఎంత కష్టమో ఆ ఏడాదే నాకు తెలిసింది.

హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల అద్దకంలో రంగు తీయడానికి వాడే రసాయనమిది. మరుగుతున్న రసంలో వేస్తే ముదురు గోధుమ రంగు విరిగి, పాకం చూస్తుండగానే పసిమికి తిరుగుతుంది. బజారులో తెల్లటి, పచ్చటి బెల్లానికే ఎక్కువ ధర పలుకుతుంది కనుక రైతు ఆ పొడి జోలికి పోతాడు. ఇందులో రైతును తప్పుపట్టే ముందు, కిరాణా కొట్లో నల్లటి అచ్చును పక్కకు నెట్టి తెల్లదాన్ని ఏరుకునే మన చేతిని చూసుకోవాలి. నేనూ అలా ఏరుకున్నవాణ్ణే.

అనకాపల్లిలో 1913లో చెరకు పరిశోధన కేంద్రంగా మొదలై, ఇప్పుడు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంగా ఉన్న సంస్థ రూపొందించిన 87ఎ298 రకాన్ని, విశ్వామిత్ర అని పిలిచేదాన్ని, నేను ఎంచుకున్నాను. మా చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి నమ్ముకున్న రకం అది. తోట పెంపకం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. రెండు సంగతులు మాత్రం బెల్లానికి నేరుగా తగిలేవి. ఒకటి, యూరియాను తోట తొలి నెలల్లోనే వేసి ఆపేయాలి. ఆలస్యంగా వేస్తే గడ పచ్చగా, లావుగా కనిపిస్తుంది కానీ రసంలో చక్కెర పలచబడి, బెల్లం నల్లగా, మెత్తగా వస్తుంది. రెండోది, ఉప్పునీరు. మా తోటకు తూర్పు మూలన ఇరవై సెంట్ల పల్లపు నేల ఉంది. అక్కడి బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే తేడా తెలుస్తుంది. ఆ మూల చెరకును వేరుగా ఉంచమని మా పాలేరు రెండుసార్లు చెప్పాడు. ఇరవై సెంట్లకు ఇంత పట్టింపు ఎందుకని నేను వినలేదు.

2024 జనవరిలో, పండుగ వెళ్లిన వారానికి, కోతకు దిగాము. చెరకు పండిందో లేదో చూడడానికి, రసం చిక్కదనాన్ని అంకెలో చూపే బ్రిక్స్ మీటరు ఒకటి కొనుక్కున్నాను. గడ మొదలు దగ్గర ఒక చుక్క, మొవ్వుకు కింద ఒక చుక్క రసం తీసి అద్దం మీద వేసి చూస్తే, రెండు అంకెలూ దగ్గరపడిన నాడు తోట పక్వానికి వచ్చినట్టు లెక్క. నాకు మొదలు దగ్గర ఇరవై, పైన పంతొమ్మిది చూపించింది. ఆ అంకెలు చూసుకుని నేను పొంగిపోయాను. తొలి విడత చెరకు కొట్టించి, మొవ్వులు పశువులకు తీసి, గడలు గానుగ దగ్గరికి తోలించాను.

అప్పుడే గానుగ ఇంజను చెడింది. బాగుచేసే మనిషి రేపు వస్తాడు, ఎల్లుండి వస్తాడు అనుకుంటూ మూడో రోజు మధ్యాహ్నం దాకా చెరకు కుప్పగా పడి ఉంది. నేను మీటరుతో మళ్లీ చూస్తే బ్రిక్స్ ఇరవై ఒకటి ఉంది. తగ్గలేదు సరికదా పెరిగింది, ఇంకేమి భయమనుకున్నాను. అసలు మోసమంతా ఆ అంకెలోనే ఉంది. మీటరు చూపేది రసంలో కరిగిన పదార్థమంతటినీ కలిపి, అందులో గట్టి చక్కెర ఎంతో విడదీసి చెప్పదు. కోసిన గడ ఎండుతూ నీరు కోల్పోతుంది కాబట్టి అంకె పెరుగుతుంది. అదే సమయంలో ఆ గట్టి చక్కెర, అంటే సుక్రోజు, విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారిపోతుంటుంది. ఆ విరిగిన చక్కెర పలుకు కట్టదు, గాలిలో తేమను మాత్రం లాక్కుంటుంది. కోసిన చెరకును ఒక రోజులోపు ఆడించాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

బెల్లం వండే మేస్త్రి గడను విరిచి వాసన చూసి, "ఇది గట్టిపడదండి మాస్టారూ, సెరకు సచ్చిపోనాది" అన్నాడు. నేను మీటరు చూపించాను. అతను దానివైపు మర్యాదగా చూసి ఊరుకున్నాడు. ఆ రోజు వండిన రెండు పెనాలూ ఎంతసేపు కలియబెట్టినా పలుకు కట్టలేదు. తెల్లవారి అచ్చులు బోర్లిస్తే దిమ్మ బదులు ముద్ద జారింది. పైగా అందులో తూర్పు మూల చెరకు కలిసింది కాబట్టి, తీపి దిగిన తరువాత నాలుక చివర సన్నటి ఉప్పదనం నిలిచింది. పాకం గట్టిపడుతుందేమోనన్న ఆశతో నేను సున్నం ఎక్కువ వేయించడం మూడో తప్పు. రసంలోని పులుపు విరగడానికి సున్నం కావాలి కానీ, మోతాదు మించితే విరిగిన చక్కెరలు దానితో కలిసి నల్లబడతాయి. అలా మెత్తగా, నల్లగా, ఉప్పగా ఉన్న నూటముప్పై కిలోల ముద్దను డబ్బాల్లోకి ఎత్తి ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ అందులో కొంత తీసి అరిసెలకు పాకం పెట్టి చూసి, "దీన్ని ఎవరికీ పంచకండి" అని మాత్రం అన్నది.

రెండో విడతకు పది రోజులు ఆగాను. ఈసారి మేస్త్రి చెప్పినట్టే నడుచుకోవాలని నిశ్చయించుకున్నాను. తూర్పు మూల వదిలేశాము. ఏ రోజు ఆడే చెరకు ఆ తెల్లవారుజామునే కొట్టించాము. గడకు అంటిన ఎండుటాకు, వేళ్లు, మట్టి దులిపి, లోపల ఎర్రగా చారలున్న గడలు ఏరి పారేయించాము. ఆ చారలు ఎర్రకుళ్లు తెగులువి. అటువంటి గడలు కొన్ని కలిసినా పెనమంతా పాడవుతుంది. రసాన్ని గుడ్డలో వడపోసి, తొట్టెలో కాసేపు తేరనిచ్చి, అడుగున దిగిన మడ్డి రాకుండా పైతేట మాత్రమే పెనంలోకి వదిలాము. మూడు రోలర్ల గానుగలో వంద కిలోల చెరకుకు అరవై, అరవై ఐదు కిలోల రసం దిగుతుంది. మా పెనానికి నాలుగు వందల లీటర్లు పట్టింది.

హైడ్రోస్ చేసే పనిని దాదాపుగా చేయగలిగేవి మూడున్నాయి. తేటగా ఉన్న రసం, కొలిచి వేసిన సున్నం, బెండ జిగురు. ముదిరిపోయిన బెండ మొక్కలను వేళ్లతో సహా పీకి, కడిగి, కాడలు దంచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టాము. పొద్దున్న చేత్తో పిసికితే గుడ్డులోని తెల్లసొన లాంటి జిగురు సాగింది. రసం వేడెక్కి, ఇంకా తెర్లకముందు, సున్నపు తేటను గరిటెతో కొద్దికొద్దిగా వేస్తూ పులుపును కాగితంతో చూశాను. పులుపు తగ్గేకొద్దీ పీహెచ్ అనే అంకె పెరుగుతుంది; చెరకు రసం సహజంగా అయిదు పైచిలుకు పీహెచ్ దగ్గర ఉంటుంది. ఆరుంపావు దాటగానే సున్నం ఆపించాను. ఆ వెంటనే బెండ జిగురు పోశాము. రెండు మూడు నిమిషాల్లో పెనం మీద నల్లటి, ఆకుపచ్చటి మడ్డి దుప్పటిలా పైకి లేచింది. రసంలోని మాంసకృత్తులు, మైనం, నలకలు ఆ జిగురుకు చిక్కి తేలతాయి. మేస్త్రి ఆ దుప్పటి చిరగకుండా జల్లిగరిటెతో ఒక అంచు నుంచి మడతపెట్టినట్టు తీశాడు. అది విరిగి మళ్లీ రసంలో కలిస్తే ఇక తేట పట్టదు, అందువల్ల ఆ పది నిమిషాలూ పొయ్యి మంట తగ్గించి ఉంచాడు. దుప్పటి కింద రసం పలచటి తేనీరు రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉంది.

మడ్డి తీశాక మంటను ఒక్కసారిగా పెంచాలి. రంగు చెడేది ముఖ్యంగా వేడి మీద ఎక్కువసేపు ఉండడం వల్ల. జనవరి మంచుకు తడిసిన పిప్పి వేస్తే పొగ తప్ప సెగ రాదు, వంట గంట ఆలస్యమవుతుంది, ఆ గంటలో బెల్లం రంగు ఒక మెట్టు దిగిపోతుంది. అందుకే ముందు వారమే పిప్పిని కళ్లంలో ఎండబెట్టి, సాయంత్రం టార్పాలిన్ కప్పించాను. ఎండిన పిప్పితో మా పెనం రెండున్నర గంటల్లో దిగింది. నాలుగు వందల లీటర్ల రసంలో మూడు వందలకు పైగా ఆవిరై పోవాలి కాబట్టి, ఇంతకంటే త్వరగా అవుతుందని ఆశించకూడదు. నురగ పొంగి అంచు దాటబోయినప్పుడల్లా నాలుగు చుక్కల కొబ్బరినూనె చల్లితే కూర్చుంటుంది.

చివరి పావుగంట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేను థర్మామీటరు తెచ్చుకున్నాను. రసం గంటన్నరకు పైగా నూరు డిగ్రీలను పట్టుకుని కదలకుండా ఉంది. నీరు ఇంకి, నూటఅయిదు దాటిన తరువాత అంకె పరుగెత్తడం మొదలుపెట్టింది. పెద్ద బుడగలు చిన్నవై, "పటపట" శబ్దం "బుసబుస"గా మారింది. మేస్త్రి ఒక చిప్పలో చన్నీళ్లు పెట్టుకుని, తెడ్డు అంచు నుంచి పాకం చుక్క అందులో వేసి వేళ్లతో చుట్టాడు. మొదటిసారి అది తీగలా సాగింది. రెండోసారి మెత్తటి ఉండయింది. మూడోసారి చుట్టిన ఉండను పెనం అంచుకేసి కొడితే "ఠంగు"మంది. "దించండి!" అని అతను కేక వేసిన క్షణాన నా థర్మామీటరు నూట పదిహేడు చూపుతోంది. దిమ్మ బెల్లానికి నూటపదహారు నుంచి నూటపద్దెనిమిది మధ్యలో దించాలని నేను చదువుకుని వచ్చాను. అతను ఏమీ చదవలేదు.

నలుగురు కలిసి పెనాన్ని వంచి, పాకాన్ని చల్లార్చే తొట్టెలోకి పోశారు. చెక్క తెడ్లతో అటూ ఇటూ లాగుతుంటే పాకం మెరుపు పోయి, సన్నటి పలుకు పడి, చిక్కటి సున్నిపిండిలా మారింది. అది బిగిసేలోపు తడిగుడ్డ పరిచిన అచ్చుల్లోకి ఎత్తేశారు. పెనానికి అయిదు దిమ్మలు, ఒక్కొక్కటి పద్నాలుగు కిలోలకు అటూఇటుగా వచ్చాయి. విరిస్తే లోపల ఇసుక పలుకు, తేనె రంగు. ఉప్పదనం లేదు. ఆ వారంలో పదకొండు పెనాలు వండాము.

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. దిమ్మలను వరుసలుగా పేర్చి, రకం విడదీసి, తూకానికి ఎత్తే కొలగార్లు ముందు చూస్తారు, తరువాత వర్తకులు చూస్తారు. నా దిమ్మలు వరుసలో పెట్టగానే అటు పసుపు, ఇటు పసుపు, మధ్యలో గోధుమ రంగు గట్టు వేసినట్టయింది. ఒక వర్తకుడు బొటనవేలితో నొక్కి, గోరుతో గీకి, చిన్న పలుకు నోట్లో వేసుకుని, "సరుకు బాగుంది మాస్టారూ, రంగు లేదు" అన్నారు. మూడో రకం కింద కట్టారు. మొదటి రకానికీ దీనికీ క్వింటాకు ఆరు వందల రూపాయల తేడా. నేను వండిన తీరంతా ఆయనకు వివరించాను. ఆయన ఓపికగా విని, తన దగ్గర కొనేవాడు కూడా కంటితోనే కొంటాడని చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు, కానీ ఇంటికి వచ్చేదాకా నా మనసు కుదుటపడలేదు.

సగం సరుకు ఆ ధరకే ఇచ్చేశాను. మిగిలినది బడిలో నాతో పనిచేసినవాళ్లకు, వాళ్ల బంధువులకు, కిలో చొప్పున కొట్టించి కాగితంలో చుట్టి అమ్మాను. కొత్త అమావాస్యకు, మర్నాటి ఉగాదికి, చాలామంది మళ్లీ అడిగారు. కొందరు ఇది తింటే మధుమేహం రాదు కదా అని అడిగినప్పుడు, రాదని చెప్పి అమ్మితే ఇంకో నాలుగు కిలోలు పోయేవని నాకు తెలుసు. బెల్లంలో కొద్దిగా ఖనిజ లవణాలు ఉన్నా, ఎక్కువ భాగం చక్కెరే. మధుమేహం ఉన్నవాళ్లు నా బెల్లాన్నైనా లెక్కగానే తినాలి.

వానాకాలంలో ఒక చిన్న పరీక్ష చేశాను. మార్కెట్లో కొన్న పచ్చటి దిమ్మ ముక్కను, నా దిమ్మ ముక్కను, మొదటి విడత ముద్దను మూడు గిన్నెల్లో అటక మీద ఉంచాను. ముద్ద జూలైకే నీరు కారి, పులిసిన వాసన వేసింది. ఆగస్టు నాటికి పచ్చటి ముక్క పైపొర మబ్బుగా మారి, రంగు నాదాని దగ్గరికి దిగివచ్చింది. పొడి ఇచ్చిన రంగు నిలవ ఉండదని విన్నదాన్ని అప్పుడు కంటితో చూశాను. నాది పైన కొద్దిగా చెమర్చింది కానీ లోపల పలుకు చెదరలేదు.

ఈ ఏడాది తూర్పు మూలన చెరకు వేయలేదు, కొబ్బరి మొక్కలు నాటించాను. గట్టు వెంబడి రెండు సాళ్లు బెండ పెట్టాను. ఇంజను చెడినా కోత ఆగకుండా రెండో గానుగ యజమానితో కూడా ముందే మాట్లాడుకున్నాను. మేస్త్రికి దసరాకే బయానా ఇచ్చాను. మీటరును కూడా తెస్తానని చెబితే, "తెండి మాస్టారూ, ఏటి పోనాది" అన్నాడు.