అప్రెంటిస్‌గా నా ఏడాది: ఎవరి పని ఏదో తెలిసొచ్చిన వైనం

ఐటీఐలో ఫిట్టర్ కోర్సు పాసయ్యాక విశాఖ ఆటోనగర్‌లో ఒక కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌గా చేరాను. మొదటి రెండు నెలలు ఇనుము అరగదీసే ఆకురాయి గానీ, కొలతలు తీసే వెర్నియర్ గానీ నా చేతికి రాలేదు. లారీలోంచి సామాను దించడం, ప్యాకింగ్ చెయ్యడం, అంతే. షిఫ్ట్ అయిపోయాక కూడా ఉండమనేవారు. కొత్తవాళ్లకు ఇలాగే ఉంటుందేమో అనుకుని నోరెత్తలేదు.

రెండో నెల స్టైపెండ్ (శిక్షణలో ఇచ్చే నెలసరి భత్యం) సరిగా పడకపోయేసరికి టెన్షన్ మొదలైంది. నాన్నకు చెప్పలేక, ఐటీఐలో మాకు చెప్పిన ఇన్‌స్ట్రక్టర్ సార్ దగ్గరికెళ్లాను. "కాంట్రాక్ట్ చూశావా?" అన్నారు ముందుగా. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ వెబ్‌సైట్ తెరిస్తే, కంపెనీ పెట్టిన కాంట్రాక్ట్‌కు నేనింకా అంగీకారం ఇవ్వనే లేదు. అది నా పని, నేనే చెయ్యలేదు. ప్రభుత్వం స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలు మించకుండా, 2023 నుంచి నేరుగా మన ఖాతాలోనే వేస్తోంది. కాంట్రాక్ట్ నమోదు కాకపోతే అది రాదు.

తర్వాత సార్ 1961 నాటి అప్రెంటిస్ చట్టంలో, దాని నిబంధనల్లో ఏముందో ఓపిగ్గా చెప్పారు. అర్హత ఉన్న మనిషిని పెట్టి పని నేర్పించాల్సింది కంపెనీ. చేసిన పనికి రికార్డు ఉంచాల్సిందీ, ఒక నెల స్టైపెండ్ తర్వాతి నెల పదో తేదీలోగా ఇవ్వాల్సిందీ వాళ్లే. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. శ్రద్ధగా నేర్చుకోవడం, క్లాసులు ఎగ్గొట్టకపోవడం నా బాధ్యత. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలనైతే చట్టంలో లేదు. అది ముందే తెలియడం మంచిదే అయింది, ఆశపెట్టుకుని కూర్చోకుండా.

సార్ ఫోన్ చేసి మాట్లాడాక నన్ను ఒక సీనియర్ ఫిట్టర్ దగ్గర వేశారు. ఆయన్ని మేస్త్రి గారూ అనేవాణ్ణి. బేరింగ్‌ని సుత్తితో కొట్టి ఎక్కించకూడదని చెప్పి, దాన్ని వేడి చేసి షాఫ్ట్ (తిరిగే ఇరుసు) మీదికి ఎలా జార్చాలో పక్కన నిలబడి చూపించారు. డయల్ గేజ్ అనే కొలత పరికరంతో అలైన్‌మెంట్, అంటే భాగాలు ఒకే వరసలో ఉన్నాయో లేదో, చూడటం నాకు ఎన్నిసార్లు చేసినా కుదిరేది కాదు. ఒక్కసారీ విసుక్కోలేదు. ప్రతి శనివారం, చేసిన పని నేను రాసుకునే లాగ్‌బుక్ చదివి, రాసింది తప్పయితే దిద్ది, అప్పుడే సంతకం పెట్టేవారు.

ఆఖర్న ట్రేడ్ టెస్ట్, అంటే నేర్చుకున్న పని మీద పెట్టే పరీక్ష, పాసై, జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ అందుకున్నాను. లాగ్‌బుక్‌లో ఆ మొదటి రెండు నెలల పేజీలు మాత్రం ఖాళీగానే ఉన్నాయి. వాటిని చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.